నేల ఎంత భరించగలదు?

ఆమ్ల వర్షాలను అరికట్టడానికి ఐరోపాలో కుదిరిన రెండు ఒప్పందాలను ఈ వారం పక్కపక్కన పెట్టుకుని చదివాను. 1985 నాటి హెల్సింకి ఒప్పందంలో లెక్క ఒక్కటే: 1980తో పోలిస్తే గంధకం ఉద్గారాలు కనీసం 30 శాతం తగ్గాలి. 1994 ఓస్లో ఒప్పందానికి వచ్చేసరికి ప్రశ్నే మారిపోయింది. ఈ నేల, ఈ సరస్సు దెబ్బతినకుండా ఎంత ఆమ్లాన్ని తట్టుకోగలవు? శాస్త్రవేత్తలు ఆ పరిమితికి క్రిటికల్ లోడ్ అని పేరు పెట్టారు. సున్నపురాయి నేల ఆమ్లాన్ని చాలావరకు తటస్థం చేస్తుంది. గ్రానైటు మీది పలుచని మట్టికి ఆ శక్తి లేదు. అందుకే దేశానికో లక్ష్యం వచ్చింది. ఖర్చుల లెక్కలూ బేరాలూ నడిచాయి, అది వేరే సంగతి. ఉద్యమాలు, ప్రమాదాలు మాత్రమే విధానాలను మారుస్తాయనే వారికి ఈ రెండు పత్రాలనూ చూపించాలని ఉంది. చేప బతకగల నీటిని కొలమానం చేసుకోవడం నాకు ఎంతో న్యాయంగా తోచింది.