మిక్సీ రివ్యూల్లో ఏది నమ్మాలి?

ఆన్‌లైన్‌లో మిక్సీ కింద కనిపించే ఫైవ్ స్టార్ రివ్యూల్లో చాలావరకు పార్సిల్ విప్పిన రోజు రాసినవే. 'ప్యాకింగ్ బాగుంది, కలర్ సూపర్.' అబద్ధమేమీ కాదు, ఆ రోజుకి వాళ్లకి తెలిసింది అంతే. మినప్పప్పు రుబ్బితే మోటారు ఎంత వేడెక్కుతుందో, జార్ అడుగున ఎప్పుడు కారడం మొదలవుతుందో ఆర్నెల్లు వాడినవాళ్లు చెప్పాలి. కాబట్టి ముందు రివ్యూలను కొత్తవి పైకి వచ్చేలా మార్చుకుని, 'మంత్స్', 'లీక్', 'కప్లర్', 'సర్వీస్' అన్న మాటలు ఇంగ్లిష్‌లో కొట్టి వెతకండి.

కప్లర్ అంటే మోటారు మీద, జార్ కింద పళ్లతో ఉండే చిన్న ముక్క. అది అరగడం మామూలే. 'ఏడాదికి కప్లర్ పోయింది' అంటే పట్టించుకోనక్కర్లేదు. 'కప్లర్ ఎక్కడా దొరకలేదు' అంటే మాత్రం ఆగాలి.

వన్ స్టార్లనీ గుడ్డిగా నమ్మకూడదు. కొత్త మోటారు మొదటి కొన్ని సార్లు వార్నిష్ కాలిన వాసన వేస్తుంది, మాన్యువల్లోనే రాసి ఉంటుంది. 'మొదటిరోజే ఆగిపోయింది' అన్నవాటిలో కొన్ని, లోడు ఎక్కువైతే మోటారుని ఆపేసే ఓవర్‌లోడ్ స్విచ్ పడిపోయినవి. కాసేపు చల్లారనిచ్చి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కితే తిరుగుతుంది. అదే, ఈ మూడు నెలల్లో అయిదారుగురు వేర్వేరు మాటల్లో ఒకే చట్నీ జార్ గురించి ఏడిస్తే, అది నిజం.

'వెరిఫైడ్ పర్చేజ్' అంటే వస్తువు అక్కడే కొన్నారని మాత్రమే. అభిప్రాయాన్ని ఎవరూ కొనలేదని కాదు! స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే క్యాష్‌బ్యాక్ అనే కార్డు డబ్బాలో పెట్టే అమ్మకందార్లు ఉన్నారు. తిక్కరేగిన కొనుగోలుదారు ఎవరో ఒకరు ఆ కార్డు ఫోటో తీసి వన్ స్టార్ రివ్యూలో పెడతారు. అందుకే ఫోటోలున్న రివ్యూలు తప్పక తెరవండి. డబ్బిచ్చి రాయించిన రివ్యూలు వేయకూడదని మన దేశంలో ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బీఐఎస్ 2022 నవంబరులో ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది గానీ, తెచ్చినప్పుడు దాన్ని స్వచ్ఛందమే అన్నారు.

ఇంకో తిరకాసు. 500 వాట్లదీ 750 వాట్లదీ ఒకే పేజీలో ఉంటే రేటింగ్ కలిసిపోయే అవకాశం ఉంది. రాసినవాళ్ల పేరు కింద ఏ మోడలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. ఫోటోల్లో మిక్సీ బదులు ఇంకేదో వస్తువు కనిపించిందంటే పాత పేజీకి కొత్త సరుకు తగిలించారన్నమాట. ఆ స్టార్లు మీ మిక్సీవి కావు.

సర్వీసు సంగతి రివ్యూలకి వదలకండి. కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి, మీ పిన్‌కోడ్ చెప్పి, ఇంటికి మనిషి వస్తాడా, మనమే మోసుకెళ్లాలా అని అడగండి.