చీకటిని తప్పుగా చూసే స్టేషన్‌లో మూడు రోజులు

ఆ కమ్యూనిటీ టీవీ స్టేషన్ చేరేసరికి సాయంత్రం నాలుగైంది. బయటి నుంచి చూస్తే గోదాములా ఉంటుంది. లోపల ఉన్నది ఒక్కటే స్టూడియో. మామూలు రోజుల్లో ఊరివాళ్లు వచ్చి చర్చలు, పిల్లల నాటకాలు రికార్డు చేసుకునే గది అది. దాన్ని శనివారం రాత్రికల్లా అరవై కుర్చీల హాలుగా మార్చి, చుట్టుపక్కల వాళ్లు తీసిన హారర్ షార్ట్ ఫిల్ములు వెయ్యాలి. అవే సినిమాలు అదే సమయంలో ఛానల్లోనూ, ఆన్‌లైన్ లైవ్‌లోనూ వెళ్లాలి. ప్రొజెక్షను, సౌండు చూసిపెట్టడానికి మేం ఇద్దరం వెళ్లాం.

కమ్యూనిటీ స్టేషన్‌కీ హారర్‌కీ బాగా కుదురుతుంది. ఒక ఇల్లు, ఒక దీపం, ముగ్గురు మనుషులు ఉంటే చాలు, సినిమా తయారవుతుంది. స్టేషన్‌లో కెమెరా అరువిస్తారు, వాడటం నేర్పుతారు, ఎడిటింగ్‌కు కంప్యూటరూ ఇస్తారు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ప్రసార పరికరాలు చీకటినీ నిశ్శబ్దాన్నీ పోగొట్టడానికే తయారయ్యాయి. హారర్ బతికేది ఆ రెండింటి మీద.

మొదటి సాయంత్రం గదిలో లైట్లన్నీ ఆర్పి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాం. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక గానీ అసలు సంగతి తెలియదు. ప్లగ్ బోర్డుల మీద ఎర్ర చుక్కలు, ఏసీ మీద అంకెలు, కెమెరాల నెత్తిన దీపాలు, తలుపు కింద సన్నటి వెలుగు. మొత్తం పంతొమ్మిది లెక్క తేలాయి. అన్నిటికీ నల్ల టేపు పడింది, ఎగ్జిట్ బోర్డుకు తప్ప. దాన్ని ఆర్పకూడదు, కప్పకూడదు. తెర వైపు మాత్రం నల్ల అట్టతో చిన్న గొడుగులా అడ్డు కడితే, కుర్చీల్లోంచి కనబడుతుంది, తెర మీద వెలుగు పడదు.

మేం ముందుగా ఊహించనిది పచ్చ గోడ. క్రోమా కోసం, అంటే మనిషి వెనక వేరే దృశ్యం అతికించడం కోసం వేసిన రంగు, సరిగ్గా తెరకు ఎదురుగా ఉంది. తెర మీద తెల్లటి దృశ్యం రాగానే వెలుగు ఆ గోడకు తగిలి వెనక్కొచ్చి, నల్లటి భాగాలన్నిటికీ పాచిరంగు పూసేది. స్టూడియో నల్ల కర్టెన్లు పట్టాల మీద నడుస్తాయి కాబట్టి లాగి కప్పేశాం.

తెర 4 మీటర్ల వెడల్పు, 2.25 ఎత్తు, అంటే 9 చదరపు మీటర్లు. సినిమా హాలు తెర వెలుగుకు ప్రమాణం 48 నిట్లు. మామూలు తెల్ల తెరకు ఆ వెలుగు రావాలంటే ప్రొజెక్టరు దాదాపు 1,360 ల్యూమెన్ల కాంతి ఇస్తే చాలు. స్టేషన్ ప్రొజెక్టరుది 3,000. ఎక్కువ ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది కానీ, తెల్లతో పాటు నలుపూ వెలుగుతుంది. రాత్రి దృశ్యం బూడిదరంగుకు తిరుగుతుంది. దీపం వెలుగు తగ్గించే ఎకో మోడ్‌లో పెట్టి, జూమ్ సర్ది, ప్రమాణానికి కాస్త పైన ఆపాం.

అయినా నలుపు కుదరలేదు. ల్యాప్‌టాప్ 0 (పూర్తి నలుపు) నుంచి 255 (పూర్తి తెలుపు) దాకా పూర్తి రేంజిలో పంపుతుంటే, ప్రొజెక్టరు మాత్రం ‘ఆటో’లో ఉండి 16–235 అనుకుంటోంది. 16 కింద ఉన్నదంతా నల్లటి ముద్ద. మెట్లకింద నిలబడ్డ మనిషి కనబడకుండా పోయాడు, ఆ సినిమా మొత్తం ఆ మనిషి కనబడటం మీదే నడుస్తుంది. పొరపాటు ఇంకో వైపు జరిగితే నలుపంతా పొగమంచులా ఉంటుంది. ఆటో తీసేసి రెండు చివర్లా ఒకే రేంజి పెట్టడమే మందు. సరిచూడటానికి ప్లూజ్ పట్టీలు, అంటే నలుపు సర్దుకునే పరీక్ష బొమ్మ వేశాం. నలుపు కన్నా కొంచెం పైనున్న పట్టీ కంటికి అందీ అందకుండా కనబడాలి, కింద ఉన్నది అసలు కనబడకూడదు.

రెండో రోజు ఫైళ్లతోనే గడిచింది. నాణ్యత పోకుండా ఉండే పెద్ద ఫైలు రకం ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అడిగితే సగం మంది ఫోన్‌లో పంపుకున్న కాపీలు ఇచ్చారు. ప్రోరెస్‌లో 1080, సెకనుకు 24 ఫ్రేములంటే నిమిషానికి 1.3 జీబీ పైమాట, పది నిమిషాల సినిమాకు 13 జీబీ. పెన్‌డ్రైవ్ తెచ్చివ్వమంటేనే పని అవుతుంది. కుదించిన కాపీల్లో మొదట పోయేది చీకటి వివరమే. నీడ నుంచి వెలుగుకు వెళ్లే చోట మెట్లు మెట్లుగా చారలు కడతాయి. కాస్త గ్రెయిన్ (సన్నటి చుక్కల నలత) కలిపితే చారలు చెదురుతాయి, కానీ వీడియోను కుదించి పంపే లైవ్ స్ట్రీమ్ ఎన్‌కోడరు ఆ గ్రెయిన్‌నే ముందు తుడిచేస్తుంది. అందుకని లైవ్ బిట్‌రేటు, అంటే సెకనుకు పంపే డేటా, వీలైనంత పెంచుకోవడమే. ఒక ఫైలుకు ముందు పరీక్ష కోసం పెట్టే కలర్ బార్లు, టోన్ అలాగే ఉండిపోయాయి. 1,000 హెర్ట్జ్ కూత హాలు స్పీకర్లలో వచ్చుంటే ఆ రాత్రికి అదే అతి పెద్ద హారర్ అయ్యేది. ప్రతి ఫైలూ మొదటి పది సెకన్లు, చివరి పది సెకన్లు వేసి చూడందే వరసలో పెట్టకూడదు.

సబ్‌టైటిల్ ఫైళ్లు కూడా వేరుగా చూడాలి. ‘తలుపు దడాలున పడింది’ అనే అక్షరాలు శబ్దం కన్నా అర సెకను ముందొస్తే సినిమా అక్కడే చచ్చిపోతుంది. అలాంటివి నాలుగు సవరించాం. ఒక సినిమాలో లైటు సెకనుకు మూడుసార్ల కన్నా ఎక్కువగా కొట్టుకుంటోంది. ఫిట్స్ ఉన్నవాళ్లకు ప్రమాదం కాబట్టి తలుపు దగ్గర హెచ్చరిక పెట్టి, ఛానల్ వరస నుంచి దాన్ని తప్పించారు. మరో రెండింటికి సంగీతం అనుమతి హాల్లో వేసే ఫెస్టివల్ ప్రదర్శనకే ఉంది, ప్రసారానికి లేదు. అవీ హాలుకే.

ఇక శబ్దం. ప్రసారానికి లౌడ్‌నెస్ (మొత్తం మీద చెవికి తెలిసే శబ్దం జోరు) లక్ష్యం −23 ఎల్‌యూఎఫ్‌ఎస్, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ జోరు ఎక్కువ; వచ్చిన ఫైళ్లు −9 నుంచి −31 దాకా ఉన్నాయి. అన్నిటినీ యంత్రంతో ఒకే అంకెకు తేవడం హారర్‌కు పనికిరాదు. ఆ కొలతలో బాగా నెమ్మదైన భాగాలు లెక్కలోకే రావు. పది నిమిషాల నిశ్శబ్దం, రెండు కేకలు ఉన్న సినిమాకు కొలత కేకలదే వస్తుంది. దాన్ని తగ్గించబోతే మాటలు వినబడకుండా పోతాయి. మాటలు చెవికి సమంగా వినబడేలా ఒక్కోటీ చేత్తో సర్దాం. కేకల్ని కేకల్లాగే వదిలేశాం.

ఛానల్ వైపు ఆటోమేటిక్ లెవెల్ యంత్రం ఇంకో శత్రువు. నిశ్శబ్దం రాగానే అది నెమ్మదిగా గొంతు పెంచుకుంటూ పోతుంది. గదిలో ఫ్యాను హోరు, మైకు బుస పైకి తేలతాయి. తీరా తలుపు పగిలే క్షణానికి, హద్దు దాటిన శబ్దాన్ని అణిచే లిమిటరు ఆ శబ్దాన్ని మామూలు మాటంత చేసి పంపుతుంది. ప్రదర్శన సేపు ఆ లెవెల్ యంత్రాన్ని తప్పించి, ఒక్క లిమిటరు మాత్రం ఉంచాం.

లోతైన శబ్దాల స్పీకరు సబ్‌వూఫరు పెట్టాక ఎక్కడో రేకు డబ్బా మోగినట్టు చప్పుడు. 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే స్వరం (స్వీప్) వేసి, ఒకరు గదంతా తిరిగి వింటే, 47 దగ్గర పట్టుబడింది. పైకప్పు కింద కడ్డీల గ్రిడ్‌కు వేలాడే ఫ్రెనెల్ అనే స్టూడియో లైటు రేకు రెక్క ఒకటి, స్క్రూ వదులై, వేలితో తాకితే తేనెటీగలా వణుకుతోంది. స్క్రూ బిగించి, మడత దగ్గర గాఫర్ టేపు ముక్క వేస్తే నోరు మూసుకుంది.

శనివారం రిహార్సల్లో అసలు దెబ్బ తగిలింది. ఒక సినిమాలో 22 సెకన్లు తెర పూర్తిగా నల్లన, గోడ గీకుతున్న చప్పుడు మాత్రం వస్తుంది. పదిహేనో సెకనులో ఛానల్ మానిటర్ మీద స్టేషన్ బొమ్మ, హుషారైన సంగీతం ప్రత్యక్షం! ఛానల్‌కు కార్యక్రమాలు వరసగా పంపే ప్లేఔట్‌లో బ్లాక్ డిటెక్టరు ఉంటుంది. చిత్రం ఇన్ని సెకన్లు నల్లగా ఉంటే ఫైలు చెడిపోయిందనుకుని స్టాండ్‌బైకి మార్చేస్తుంది. సైలెన్స్ డిటెక్టరుదీ అదే పని. గడువు 40 సెకన్లకు పెంచుదామంటే, చివరి షార్ట్ ఫిల్ములో పేర్లకు ముందు నలుపు ఇంకా పొడుగు. దాంతో రెండు డిటెక్టర్లనూ బైపాస్‌లో పెట్టి, అంటే పనిచేయకుండా తప్పించి, ప్లేఔట్ పరికరాల రాక్ ముందు ఒక మనిషిని కూర్చోబెట్టారు. చేతిలో వరస కాగితం, ప్రతి నలుపుకూ ఎదురుగా సెకన్లు రాసి ఉన్నాయి.

ప్రదర్శన హాలు నిండా జనంతో నడిచింది. షార్ట్ ఫిల్ములయ్యాక చివర్న అమెరికన్ హారర్ సినిమా నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్ వేశారు. 1968లో పేరు మార్చినప్పుడు కాపీరైట్ వాక్యం జారిపోయింది, అప్పటి అమెరికా చట్టం ప్రకారం అది ఎవరైనా వాడుకోగల పబ్లిక్ డొమెయిన్ అయిపోయింది. చట్టాలు దేశానికో రకం కాబట్టి వేసేముందు విచారించుకోవాలి. బాగుచేసిన కొత్త ప్రింటు వాడితే దాని హక్కులూ అడగాలి.

ఆదివారం పొద్దున సామాను కట్టడానికి వెళ్తే ఛానల్ మానిటర్ నల్లగా ఉంది. రాత్రి ప్లేఔట్ కంప్యూటరు ఆగిపోయింది. డిటెక్టర్లు బైపాస్‌లోనే ఉన్నాయి కనక స్టాండ్‌బైకి మారలేదు, ఎవరికీ కబురూ వెళ్లలేదు. ఆపరేటరు ముందు బైపాస్ తీశాడు, తర్వాత కంప్యూటరు ఆన్ చేశాడు. ఆ తర్వాత వరస కాగితం అడుగున ఇంకో గీత గీసి, సెకన్ల గడిలో ‘ఏడు గంటలు’ అని రాశాడు.