కాతిబ్, కరణం, వ్రాయసకాడు

మన బడి హైదరాబాద్ ఛత్తాబజార్ దగ్గర్లో ఉండడం వల్ల ఏ సిలబస్‌లోనూ లేని చదువు ఒకటి మనకు దొరికింది. చేత్తో రాసి బతికే మనుషుల్ని పేరుపేరునా గుర్తుపట్టడం అక్కడే నేర్చుకున్నాం.

బడి వదిలాక పెళ్లికార్డుల దుకాణాల ముందు ఆగి ఎంతసేపు చూసేవాళ్లమో! వాలుగా చెక్కిన రెల్లు కలం, నల్లటి సిరా, ఎదుట నున్నటి కాగితం. ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలిలో ఏ అక్షరం ఎంత పొడవుండాలో కలం మొనతో పెట్టిన చుక్కల్ని బట్టి కొలుస్తారని, ఆ చుక్కను నుక్తా అంటారని మన క్లాసులో ఒక కాతిబ్ గారి, అంటే ఉర్దూ చేతిరాత పనివారి, అబ్బాయి చెప్పాడు. కంప్యూటర్లు రాకముందు ఉర్దూ పత్రిక అంటే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కాతిబ్‌ల చేతిరాతే. వార్త ఆలస్యంగా వచ్చినా అక్షరం చెదరకూడదు. చెన్నైలో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ పత్రికను కంప్యూటర్లు వచ్చాక కూడా చాలా ఏళ్లు అలాగే రాశారు. రాసే ప్రతివాడూ కాతిబే కానీ, ఖుష్‌నవీస్ అన్న మాట మాత్రం అందంగా రాసేవాడికే దక్కుతుంది. ఆ కాతిబ్ గారి అబ్బాయి ఆ మాటను ఎంతో గౌరవంగా పలికేవాడు.

మరి తెలుగులో? ఇది మన తెలుగు మాస్టారికి ఇష్టమైన విషయం. పాఠం పక్కన పెట్టేసి మరీ చెప్పేవారు. తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లోకి మసి పట్టించి పుస్తకాన్ని ఎత్తిరాసేవాడు లేఖకుడు, అచ్చతెనుగులో వ్రాయసకాడు. పుస్తకం పూర్తయ్యాక చివర ఒక శ్లోకం రాసుకోవడం వాళ్లలో వాడుక. నడుము, మెడ విరిగేలా తల వంచుకుని కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని దాని అర్థం. తన పేరు కూడా చెప్పుకోని మనిషి అడిగింది ఇంతే! మాస్టారు ఆ శ్లోకం చదివినప్పుడు క్లాసులో చప్పుడుండేది కాదు.

పేరు చెప్పుకున్నవాడూ ఒకడున్నాడు. కర్ణాటకలోని బ్రహ్మగిరి అశోక శాసనం చివర, దాన్ని రాసిన చపడుడు తనను లిపికరుడిగా చెప్పుకున్నాడు. లిపికరుడన్న ఆ ఒక్క మాట ఖరోష్ఠి లిపిలో ఉంది. రాజుగారి శాసనం కింద రాసినవాడి పేరు కూడా నిలిచిందని తెలిసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనంలో ‘కరణక’ అన్న మాట కనిపిస్తుంది. లెక్కలు రాసే ఉద్యోగులన్న మాట. మన ఊళ్ల కరణం గుర్తుకు రాకుండా ఉంటుందా?

కరణాన్నే తెలంగాణలో పట్వారీ అన్నాం. ఆయన రాసేది గొలుసుకట్టు. కలం ఎత్తకుండా అక్షరాలు కలిపేసే ఆ రాతను చదవడం మామూలు వాళ్ల వల్ల అయ్యేది కాదు. అందుకే ఆ కలమంటే ఊరికి భయం కూడా ఉండేది. పొలం ఎవరిదో తేల్చేది ఆ రాతే మరి. 1984లో ఆ వంశపారంపర్య పదవులు పోయాయి. పోవాల్సినవే.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజు రాసేవాణ్నీ, పోలీస్ స్టేషన్‌లో కేసు కాగితాలు చూసే కానిస్టేబుల్‌నీ ఒకే మాటతో రైటర్ అనేస్తున్నాం. నాకది నచ్చదు. దస్తావేజు లేఖరి అన్న నిండైన మాట ఉంది కదా. సరిహద్దులు, సర్వే నంబర్లు తప్పు లేకుండా రాయడం ఒక విద్య. ఖుష్‌నవీస్‌ది ఇంకో విద్య. తాటాకు లేఖకుడిది వేరే ఓపిక. పేర్లు వేరువేరుగా ఉంటేనే ఎవరి పనితనం ఏమిటో తెలుస్తుంది.

మన గోడపత్రిక గుర్తుందా? కథలు, కవితలు ఇచ్చిన వాళ్ల పేర్లు కింద ఉండేవి. వాటన్నిటినీ రాత్రిళ్లు కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తిరాసిన అమ్మాయిల పేర్లు ఎక్కడా లేవు. ఈ సంచికలో ఆ పాత ప్రతుల ఫొటోలు వేస్తున్నారని విన్నాను. సంపాదకవర్గానికి నా మనవి ఒక్కటే: వాళ్లెవరో కనుక్కుని, ప్రతి ఫొటో కింద ‘లేఖకురాలు’ అని పెట్టి పేరు వేయండి. దస్తూరి పోల్చుకోవడంలో సాయం కావాలంటే నేను వచ్చి కూర్చుంటాను.