ఆరు పాయింట్లే

"పదిసార్లు వేస్తే ఒక్కటే పడింది కదా బాబాయ్, ఇతన్ని ఇంకా ఎందుకు ఆడిస్తున్నారు?" అని మా అన్నయ్య కొడుకు అడిగినప్పుడు, మేము 2012 నాటి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీ ఎన్‌సీఏఏ ఫైనల్ రికార్డింగు చూస్తున్నాము. కెంటకీ జట్టు కుర్రాడు ఆంథొనీ డేవిస్ గురించి ఆ ప్రశ్న.

అతను ఆ రాత్రి వేసినవి 6 పాయింట్లే. కానీ 16 రీబౌండ్లు (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతిని అందుకోవడం), 6 బ్లాకులు (ఎదుటివాళ్ళు బుట్టలోకి వేసే బంతిని గాలిలోనే అడ్డుకోవడం), 5 అసిస్టులు (తోటివాళ్ళ బుట్టకు దారితీసిన పాసులు) అతనివే. కెంటకీ 67-59తో కాన్సాస్‌పై గెలిచింది, చివరి నాలుగు జట్ల దశ అయిన ఫైనల్ ఫోర్‌లో అత్యుత్తమ ఆటగాడి గౌరవమూ అతనికే దక్కింది.

ఒక బ్లాక్ దగ్గర వీడియో ఆపి మావాడికి అతని చేతులు చూపించాను. బంతిని ప్రేక్షకుల్లోకి బాదేస్తే చూడడానికి ఘనంగానే ఉంటుంది, కానీ అది తిరిగి ఎదుటి జట్టుకే వెళ్తుంది. వేళ్ళ కొసలతో దారి తప్పించి కోర్టులోనే ఉంచితే, అక్కడి నుంచే మన జట్టు దాడి మొదలవుతుంది.

హైస్కూల్లో అతను గార్డుగా, అంటే బంతిని నడిపిస్తూ పాసులిచ్చే స్థానంలో, ఆడేవాడు, ఆ తరువాతే సుమారు 8 అంగుళాలు పెరిగాడు. అంత పొడగరికి పాస్ ఇచ్చే చూపు అక్కడినుంచే వచ్చిందని నా గట్టి నమ్మకం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ చూపే.

మావాడు ఆ తరువాత స్కోరు అడగలేదు. "ఆ బ్లాక్ మళ్ళీ పెట్టు బాబాయ్" అన్నాడు.