సైమా సరస్సు ఒడ్డున చుట్టరికం

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ నుంచి మిక్కెలి అనే ఊరికి రైలు రెండున్నర గంటల్లో చేరుస్తుంది. అక్కడ నా స్నేహితురాలి తండ్రి కారుతో సిద్ధంగా ఉన్నారు. తారు రోడ్డు పోయి కంకర దారి వచ్చింది, కంకర కూడా పోయాక సైమా సరస్సు కనిపించింది. ఫిన్లాండ్‌లోకెల్లా పెద్ద సరస్సు ఇది, దాదాపు 4,400 చదరపు కిలోమీటర్లు. కానీ ఒడ్డున నిలబడితే అంత నీరు ఒక్క చూపులో ఎక్కడా దొరకదు. ఒక దీవి, దాని వెనుక సన్నటి పాయ, ఆ వెనుక ఇంకో దీవి.

ఇల్లు చిన్నది, ఎర్ర రంగు వేసిన చెక్క ఇల్లు. 1960లలో మా స్నేహితురాలి తాతగారు సెలవు రోజుల్లో తన చేతులతోనే కట్టారట. పల్లెలు విడిచి పట్నాల అపార్టుమెంట్లలోకి చేరిన తరం ఆయనది. అలా వెళ్లినవాళ్లలో చాలామంది నీటి ఒడ్డున కాస్త జాగా చూసుకుని ఇలాంటి ‘మొక్కి’ ఒకటి వేసుకున్నారు. 56 లక్షల జనాభా ఉన్న దేశంలో ఇప్పుడు దాదాపు ఐదు లక్షల వేసవి కుటీరాలున్నాయి.

కుళాయి లేదు. కరెంటు లైను లేదు. పైకప్పు మీది సౌర పలక ఫోన్లకూ రెండు దీపాలకూ సరిపోతుంది. హెల్సింకీలో వీళ్ల ఇంట్లో గిన్నెలు కడగడానికి కూడా యంత్రం ఉంది. ఇక్కడ మోటారు పెట్టించే స్తోమత లేక కాదు. ఆ మాటే అడిగితే పెద్దాయన, అంటే నా స్నేహితురాలి తండ్రి, కాసేపు ఆలోచించి, “అప్పుడు ఇక్కడ మేం చేసేదేముంటుంది?” అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. పెట్టె లోపల పెట్టానో లేదో, అమ్మమ్మగారు నా చేతికి రెండు బకెట్లు అందించారు. అక్కడ వయసుతో పని లేకుండా అందరూ అందరినీ పేర్లతో పిలుచుకుంటారు. ఎనభై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి మాత్రం నాకు నోరు రాలేదు. మనవరాలిలాగే నేనూ ‘ముమ్మో’ (అమ్మమ్మ) అన్నాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు ఫిన్నిష్ రాదు. బకెట్లకు భాష అక్కర్లేదు కాబట్టి మా మధ్య ఇబ్బందేమీ రాలేదు. సరస్సు నీళ్లు స్నానానికీ గిన్నెలకూ. తాగడానికి మాత్రం ఊరి నుంచి క్యాన్లలో తెచ్చుకుంటారు.

మొదట్లో కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజం. ఇంత దూరం వచ్చిన మనిషిని కూర్చోబెట్టి మర్యాద చేయరా అనిపించింది. నీళ్లయ్యాక కట్టెలు మోశాను. కట్టెలయ్యాక కొత్త బంగాళాదుంపలు ముందుకొచ్చాయి. వాటి తొక్క తీయరు, బ్రష్‌తో రుద్ది డిల్ ఆకు వేసి ఉడికిస్తారు. సాయంత్రానికి గమనించాను: ఆ ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లు లేరు, తొందరపడుతున్నవాళ్లూ లేరు. ఎవరూ నాతో కాలక్షేపపు కబుర్లకు దిగలేదు, మౌనంగా ఉంటే ఏమైందని అడగలేదు. నాకు బాగా నచ్చిన విషయం ఇదే.

మరుగుదొడ్డి చెట్ల మధ్య, ఇంటికి దూరంగా ఉంది. నీళ్లుండవు, పని అయ్యాక పీట్ మట్టి, రంపపు పొట్టు కలిపిన పొడి ఒక గరిటెడు చల్లాలి. వాసన లేదు. దోమలు మాత్రం ఉన్నాయి, వాటి ఓపికకు దణ్ణం పెట్టాలి.

పడవల కొట్టం గోడకు చేపల వల వేలాడుతోంది. దాన్ని జూలై దాకా ముట్టుకోరు. సైమాలో మాత్రమే బతికే ఒక జాతి సీల్ ఉంది. మొత్తం లెక్కేస్తే కొన్ని వందలే. ఆ సీల్ పిల్లలు వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోతుంటాయని, వాటి ప్రాంతాల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 వరకు వలలు వేయనివ్వరు. గాలం వేయడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు కనుక వానపాము గుచ్చి పడవలో కూర్చున్నాం. నాలుగు పెర్చ్ చేపలు పడ్డాయి, అన్నీ ముమ్మో గాలానికే. ఆల్డర్ చెక్క పొట్టు వేసిన రేకు పెట్టెలో వాటిని పొగబెట్టి, రై రొట్టె మీద వెన్నతో పెట్టారు. సీల్ మాత్రం కనిపించలేదు.

జూహన్నుస్ ముందు రోజు శుక్రవారం. జూన్ 20, 26 తేదీల మధ్య వచ్చే శనివారం అక్కడ జరుపుకునే నడివేసవి పండుగే జూహన్నుస్. ముందు రోజు సాయంత్రం ఆరింటికి జెండా ఎగరేస్తారు. ఆ ఒక్క రాత్రి దాన్ని దించరు, మర్నాడు రాత్రి తొమ్మిదికి దించుతారు. గుడ్డ నేలకు తగలకుండా పట్టుకునే పని నాకు అప్పగించారు. ఆపాటికి పెద్దాయన సౌనా (ఆవిరి స్నానపు గది) పొయ్యి రాజేసి రెండు గంటలైంది.

సౌనాకు ఆడవాళ్లం ముందు వెళ్లాం. ఒంటి మీద ఏమీ లేకుండా ముమ్మో పై మెట్టెక్కి కూర్చున్న తీరు చూశాక నా బిడియానికి అక్కడ చోటు లేదనిపించింది. కాలిన రాళ్ల మీద ఆవిడ గరిటెడు నీళ్లు పోస్తే చప్పుడు ముందు వస్తుంది, ఆవిరి తర్వాత వస్తుంది, మొదట చెవులకు తగులుతుంది. లేత బర్చ్ కొమ్మలు కట్టిన కట్టను నీళ్లలో ముంచి వీపు మీద కొట్టుకుంటారు. వానకు తడిసిన అడవి వాసన. ఈ సంప్రదాయాన్ని 2020లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఆ సంగతి ప్రస్తావిస్తే ముమ్మో తల ఊపి, కింది బకెట్లో నీళ్లు తగ్గాయని చూపించారు. వేడి భరించలేనప్పుడు చెక్క వంతెన మీదుగా సరస్సులోకి దూకడమే. జూన్ చివరైనా నీళ్లు ఎముకలు కొరికాయి. మళ్లీ లోపలికి, మళ్లీ నీళ్లలోకి.

పదకొండు కావస్తుండగా సూర్యుడు దిగాడు గాని చీకటి పడలేదు. ఎదురు ఒడ్డున, ఆ పక్క దీవిలో, పండుగ మంటలు ఒక్కొక్కటే లేచాయి. మాదీ వెలిగింది. ఎండలు మండి అడవికి నిప్పు ప్రమాదం ఉన్న ఏడు అనుమతి ఉండదట. ఆ వారం వాన పడింది మరి. ఎవరో అవతలి ఒడ్డు నుంచి పాడారు, శ్రుతి లేదు.

బయలుదేరే ముందు అతిథుల పుస్తకం నా ముందు పెట్టారు. వెనక్కి తిప్పి చూస్తే పొగడ్తలు ఎక్కడా లేవు: నీటి వేడి ఎంత, ఏ చేపలు పడ్డాయి, ఎవరు ఎన్ని కట్టెలు చీల్చారు. నేనూ అదే పద్ధతిలో రాశాను. ముమ్మో చదివించుకుని విని, మనవరాలితో ఏదో అన్నారు. అక్టోబరులో పడవను ఒడ్డుకు లాగాలట, మనుషులు తక్కువట, వచ్చేటప్పుడు మందపాటి చేతి తొడుగులు తెచ్చుకోమన్నారట.