సాద్ గది గోడలు

ఆనంద దేవి ఫ్రెంచ్‌లో రాసిన నవల ఇంగ్లీష్ అనువాదం 'ఈవ్ అవుట్ ఆఫ్ హర్ రూయిన్స్' చదవడం పూర్తి చేశాను. మనసు మనసులో లేదు. మారిషస్‌లో పుట్టిన ఈ రచయిత్రిది తెలుగు మూలాలున్న కుటుంబం. నవల 2006లో వచ్చింది. టూరిస్టులు తొంగి కూడా చూడని ఓ పేదవాడ, నలుగురు టీనేజ్ పిల్లలు, ఓ హత్య. వాళ్లలో సాద్ అనే కుర్రాడు పగలు గ్యాంగుతో తిరుగుతాడు. రాత్రి అదే కుర్రాడు ఫ్రెంచ్ కవి రాంబో కవిత్వం చదువుకుని, ఆ నలుగురిలో ఒకమ్మాయి ఈవ్ మీద ప్రేమతో తన గది గోడల నిండా రాస్తుంటాడు. ఆ పేజీల దగ్గరే ఆగిపోయాను. ఆనంద దేవి కవయిత్రి కూడా. అందుకేనేమో, ఎంత దారుణం చెప్తున్నా వాక్యం ఎక్కడా తూలదు. అమెరికాలో ఇచ్చే అంతర్జాతీయ సాహిత్య బహుమతి న్యూస్టాట్, 2024లో ఆవిడకే ఇచ్చారు. ఈ నవల తెలుగులో రావాలని గట్టిగా కోరుకుంటున్నా. ఫ్రెంచ్ వచ్చిన మిత్రులెవరైనా పూనుకోండి, ప్రూఫులు నేను చూస్తాను.