పాత చెక్క బోటుకు ఇంజన్ దొరికేదాకా: నా పని డైరీ

మొదటి వారం

డిప్‌స్టిక్ బయటికి తీయగానే విషయం అర్థమైపోయింది. నూనె నల్లగా లేదు. పాలు కలిపిన కాఫీ రంగులో, నురగ నురగగా ఉంది. లోపల నీళ్లు కలిశాయన్నమాట. ప్లగ్గులన్నీ విప్పి కంప్రెషన్ (సిలిండర్ లోపల పుట్టే ఒత్తిడి) చూశాను. 1, 2, 5, 6 సిలిండర్లు 95 నుంచి 105 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) మధ్య చూపించాయి. మూడోది 40, నాలుగోది 35. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే ముందు అనుమానించాల్సింది హెడ్ గాస్కెట్‌ని, అంటే బ్లాకుకీ పైమూతకీ మధ్య ఉండే సీలుని. ఆ రెండింట్లో చెంచాడు నూనె పోసి మళ్లీ చూశాను, రీడింగ్ పెరగలేదు. అంటే పిస్టన్ రింగుల తప్పు కాదు. గాస్కెట్ మారిస్తే సరిపోతుందని చాలా ఆశపడ్డాను.

హెడ్ (ఆ పైమూత) ఎత్తాక ఆ ఆశ పోయింది. నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు దగ్గర మొదలై నీళ్ల దారి దాకా పగులు పాకింది. వేలిగోరు పెడితే దిగుతోంది. పగులు ఒక్కటే అయితే లోహపు పిన్నులు వరసగా దించి కుట్టేసే పద్ధతి ఉంది, పోత ఇనుముకు అది బాగానే నిలబడుతుంది. కానీ వాటర్ జాకెట్ (సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ) లోపలి గోడను స్క్రూడ్రైవర్ మొనతో గీకితే తుప్పు పొరలు పొరలుగా ఊడి చేతిలోకి వచ్చింది. ఇన్ని దశాబ్దాలు సముద్రపు నీళ్లు నేరుగా ఈ బ్లాకులోనే తిరిగాయి. ఒకచోట కుడితే రేపు ఇంకోచోట కారుతుంది. 1950ల నాటి 22 అడుగుల మహాగనీ బోటు ఇది. దానితోపాటే వచ్చిన గ్రే మెరైన్ కంపెనీ ఆరు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్‌ని (వాల్వులు బ్లాకులోనే ఉండే పాతరకం ఇంజన్) దించేయక తప్పలేదు. క్రేన్ తక్కెడ మీద గేరుతో కలిపి 340 కిలోలు తూగింది. ఆ అంకె రాసిపెట్టుకున్నాను, తర్వాత చాలా పనికొచ్చింది.

రెండు, మూడు వారాలు

ఇంజన్ కోసం వెతకడం మొదలుపెట్టలేదు. ముందు బోటును కొలిచాను. నా మటుకు నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమైన పక్షం రోజులు ఇవే. ఏ ఇంజన్ పడుతుందో చెప్పాల్సింది హార్స్‌పవర్ కాదు, అది కూర్చునే దూలాలూ, వెనక ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్టూ.

షాఫ్ట్ బయటికి లాగి, అది దూరే రంధ్రం సరిగ్గా నడిమధ్య నుంచి ఇంజన్ గది ముందు గోడ దాకా సన్నటి దారం బిగించి కట్టాను. ఆ దారమే ఇక షాఫ్ట్ నడిమి గీత. దాన్నిబట్టి అన్నీ కొలిచాను. దూలాల మీద బోల్టుల మధ్య అడ్డదూరం 22.5 అంగుళాలు. ఆ రోజుల అమెరికన్ మెరైన్ ఇంజన్లలో చాలావాటికి ఇదే కొలత, అది నా అదృష్టం. షాఫ్ట్ వాలు 12 డిగ్రీలు. దూలాల పైఅంచు నుంచి దారం ఎంత కిందుంది, ఆయిల్ పాన్ కింద కీల్ (బోటు వెన్నుదూలం) దాకా ఎంత ఖాళీ, మూత కింద ఎంత ఎత్తు, షాఫ్ట్ మందం 1 అంగుళం, కప్లింగ్ ఫ్లాంజ్ (ఇంజన్‌నీ షాఫ్ట్‌నీ కలిపే బిళ్ల) 4 అంగుళాలు. ఈ అంకెలన్నీ ఒకే కాగితం మీద పెట్టి, అట్టముక్కలతో ఇంజన్ నమూనా కట్టి లోపల కూర్చోబెట్టి చూశాను. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను పోగుచేసే గొట్టం) ఎడమ పక్క ఉంటే పెట్రోల్ ట్యాంక్ గొట్టానికి తగులుతుందని ఆ అట్ట వల్లే తెలిసింది.

దూలాలను కూడా ఆరతో (సూదిమొన పనిముట్టు) పొడిచి చూశాను. కుడివైపు దూలం వెనక చివర, పాత బోల్టు చుట్టూ ఆర అరంగుళం మెత్తగా దిగింది. నూనె పీల్చి నల్లబడిన చెక్క పైకి గట్టిగానే కనిపిస్తుంది, నమ్మకూడదు. కుళ్లిన మేర కోసేసి, వాలుగా చెక్కిన కొత్త ముక్కను ఎపాక్సీ జిగురుతో అతికించడానికి నాలుగు రోజులు పట్టింది.

నాలుగో వారం

డీజిల్ పెట్టమని చాలామంది చెప్పారు. పేలుడు భయం తక్కువ, ఇంధనం ఆదా అవుతుంది. నిజమే. కానీ ఈ బోటు పలకలు రివెట్లతో బిగించినవి. డీజిల్ అదురుకు అతుకులు సడలుతాయేమోనన్నది ఒక బెంగ. పైగా నీళ్ల మీద వేగంగా జారుతూ పోయే ఒళ్లు దీనిది, అంత శక్తినిచ్చే డీజిల్ బరువు తక్కెడ అంకెను దాటిపోతోంది. కారు ఇంజన్ తెచ్చి మార్చుకోవచ్చన్న మాటను మాత్రం అక్కడే ఆపేశాను. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, బోటు అడుగున చేరి కదలకుండా ఉంటుంది. మెరైన్ స్టార్టర్, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) నిప్పురవ్వ బయటికి రాకుండా కట్టినవి. మెరైన్ కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపేది) పొంగితే పెట్రోల్ బయటికి కారకుండా ఇంజన్‌లోకే పోతుంది. కారు సామానుకు ఆ కట్టుదిట్టం ఉండదు. ఇక్కడ రాజీపడి డబ్బు మిగుల్చుకోవద్దని ఎవరికైనా చెబుతాను.

చివరికి అదే రకం ఇంజన్ వెతకాలని తేల్చుకున్నాను. గ్రే మెరైన్ వాళ్లు చాలా మోడళ్లకు కాంటినెంటల్ అనే కంపెనీ బ్లాకులే వాడారు. ఆ ఫ్లాట్‌హెడ్‌లు పరిశ్రమల్లోని యంత్రాల్లో కూడా తిరిగాయి కాబట్టి రింగులు, బేరింగులు, గాస్కెట్ల లాంటివి ఇప్పటికీ దొరికే ఆశ ఉంది. మానిఫోల్డ్ లాంటి మెరైన్ భాగాలే కష్టం.

ఏడో వారం

మొదటి ఇంజన్ కనబడింది. బోటులోంచి దించేనాటికి బాగా నడిచేదని అమ్మే ఆయన చెప్పారు. కొలతలన్నీ అచ్చంగా సరిపోయాయి, మనసు ఆగలేదు. డిస్ట్రిబ్యూటర్ వైర్లు ఏది ఏ సిలిండర్‌కి వెళ్తోందో వేలితో పట్టుకుని చూస్తూ వచ్చాను. 1, 4, 2, 6... అక్కడ ఆగిపోయాను. మా ఇంజన్‌లో సిలిండర్లు మండే వరస 1-5-3-6-2-4. ఇది 1-4-2-6-3-5. మొదటి ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, ఫ్లైవీల్‌ని (ఇంజన్ చివరనుండే బరువైన చక్రం) చేత్తో తిప్పించాను. ఒత్తిడి తర్వాతి సిలిండర్లకు ఏ వరసలో వస్తోందో చూస్తే అనుమానం తీరింది. ఇది ఎదురు తిరిగే ఇంజన్, రెండు ఇంజన్ల బోటులోంచి తీసినది. రెండు ప్రొపెల్లర్లు ఒకే వైపు తిరిగితే బోటు పక్కకి లాగుతుంది కాబట్టి ఒకదాన్ని ఎదురు తిరిగేలా చేస్తారు.

మాది డైరెక్ట్ డ్రైవ్, అంటే ఇంజన్ ఎటు తిరిగితే ప్రొపెల్లరూ అటే తిరుగుతుంది. వెనక నిలబడి ముందుకి చూస్తే ప్రొపెల్లర్ గడియారానికి ఎదురుగా తిరగాలి. ఈ ఇంజన్ పెడితే ముందుకి గేరు వేసినప్పుడు బోటు వెనక్కి నడుస్తుంది. ప్రొపెల్లర్ మార్చితే సరిపోతుంది కదా అనొచ్చు. కానీ కామ్‌షాఫ్ట్, స్టార్టర్, ఆయిల్ సీల్, ఇలా చాలా భాగాలు వేరు. నా పాత ఇంజన్ నుంచి ఒక్క స్టార్టర్ కూడా దీనికి పనికిరాదు. వదిలేసి వచ్చాను. ఇంజన్ ఏ వైపు తిరుగుతుందని అడిగేటప్పుడు ‘ఎక్కడి నుంచి చూస్తే’ అన్నది కూడా తప్పకుండా అడగండి. ముందు నుంచి చూసేవాళ్లు, ఫ్లైవీల్ వైపు నుంచి చూసేవాళ్లు ఒకే ఇంజన్‌కి రెండు జవాబులు చెబుతారు.

పదకొండో వారం

రెండోది దొరికింది. పదకొండేళ్లు షెడ్డులో ఉందట, పట్టేసింది, ఫ్లైవీల్ కదలడం లేదు. అయినా దీన్నే కొన్నాను. కారణం ఒక్కటే: మంచినీళ్ల చెరువులో నడిచిన ఇంజన్ ఇది. జాకెట్ మూత విప్పితే గోధుమ రంగు బురద తప్ప పొరలు ఊడే తుప్పు లేదు. ఆయిల్ పాన్ డ్రెయిన్ బోల్టు వదులు చేస్తే ముందు నీళ్లు రాలేదు, నూనే వచ్చింది.

ఆటోమేటిక్ గేర్లకు వాడే నూనె (ఏటీఎఫ్), ఆసిటోన్ సమానంగా కలిపి ఆరు సిలిండర్లలోనూ పోశాను. రోజుకోసారి కాస్త కలుపుతూ, ఫ్లైవీల్ పళ్లలో పొడవాటి కడ్డీ పెట్టి ఇటు కొంచెం, అటు కొంచెం ఒత్తిడి పెట్టాను. స్టార్టర్‌తో బలవంతం చేయలేదు, పిస్టన్ రాడ్ వంగిపోతుంది. ఆరో రోజు సాయంత్రం కడ్డీ చిన్నగా కిర్రుమంది, ఫ్లైవీల్ అంగుళం కదిలింది. ఆ శబ్దం వినగానే కళ్లు చెమర్చాయి.

పక్క మూత తీస్తే రెండు ఎగ్జాస్ట్ వాల్వులు తెరుచుకుని ఇరుక్కుపోయి ఉన్నాయి, ఫ్లాట్‌హెడ్‌లు ఏళ్లపాటు ఖాళీగా ఉంటే జరిగేదే. చమురు పోస్తూ మెల్లగా తట్టి దించాను, తర్వాత సీట్లు అరగదీశాను. నీళ్ల దారులన్నీ మూసి 15 పీఎస్‌ఐ గాలి పెట్టి సబ్బునీళ్లు రాశాను. బ్లాకు నిలబడింది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మాత్రం ఒకచోట బుడగలు కక్కింది. నీళ్లు సిలిండర్లలోకి చేరేది తరచుగా ఈ దారిలోనే, కాబట్టి దాన్ని పక్కన పెట్టి నా పాత మానిఫోల్డ్‌ని పరీక్షించి వేశాను. కొత్త రింగులు, గాస్కెట్లు, బేరింగులు వేశాక కంప్రెషన్ అన్నిట్లో 100 నుంచి 108.

దాంతో వచ్చిన గేరు 2:1 రిడక్షన్‌ది. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే షాఫ్ట్ ఒక్క చుట్టు. దానికి చాలా పెద్ద ప్రొపెల్లర్ కావాలి, మా బోటు అడుగున అంత చోటు లేదు. నా పాత డైరెక్ట్ గేరునే బిగించాను.

పదిహేనో వారం

ఈసారి సముద్రపు నీళ్లు బ్లాకులోకి పోవు. హీట్ ఎక్స్‌చేంజర్ పెట్టాను. బ్లాకులో కూలెంట్ తిరుగుతుంది, ఉప్పునీళ్లు ఎక్స్‌చేంజర్ లోంచి, ఎగ్జాస్ట్ లోంచి మాత్రమే పోతాయి. పాత పద్ధతిలో ఉప్పు పేరుకోకుండా థర్మోస్టాట్‌ని (ఇంజన్ వేడిని అదుపులో ఉంచేది) 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాల్సి వచ్చేది. ఇప్పుడు ఇంజన్‌ను ఇంకాస్త వేడిగా నడపొచ్చు. ఒడ్డున నీళ్ల డ్రమ్ము పెట్టి 20 నిమిషాలు నడిపాను. ఆయిల్ ప్రెషర్ 40 పీఎస్‌ఐ దగ్గర నిలకడగా ఉంది.

పదిహేడో వారం

బోటు నీళ్లలో దిగి అయిదు రోజులైంది. కప్లింగ్ బోల్టులు అప్పటిదాకా బిగించలేదు. చెక్క నీళ్లు తాగి ఉబ్బితే ఒళ్లు ఆకారం మారుతుంది, ఒడ్డున పెట్టిన అలైన్‌మెంట్ (ఇంజన్, షాఫ్ట్ ఒకే గీతలో ఉండటం) నిలవదు. ఈ రోజు రెండు ఫ్లాంజుల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెడితే పైన 3 థౌ (అంగుళంలో వెయ్యో వంతు), కింద 11. ఫ్లాంజ్ వ్యాసం ఒక్కో అంగుళానికి ఒక థౌ దాకా తేడా ఉండొచ్చు. అంటే మాకు 4, ఉన్నది 8. షాఫ్ట్ ఫ్లాంజ్‌ని పావు చుట్టు తిప్పి మళ్లీ కొలిచాను. ఖాళీ దాంతోపాటు తిరగలేదు, కిందే ఉండిపోయింది. అంటే షాఫ్ట్ వంకర లేదు, ఇంజన్ వాలే సర్దాలి. కింద ఖాళీ ఎక్కువ కాబట్టి ఇంజన్ ముందువైపు కాళ్ల కింద నుంచి ఒక పల్చటి రేకు తీసేశాను. పైన 5, కింద 7, పక్కలు రెండూ 6. బోల్టులు బిగించి, షాఫ్ట్ చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరిగింది. అడుగున చేరిన ఆవిరిని బయటికి లాగే బ్లోయర్‌ని నాలుగు నిమిషాలు నడిపి, అడుగున ముక్కు పెట్టి వాసన చూసి, తాళం తిప్పాను.